సి సెక్షన్‌కి గాజు చాలు

విశ్వేశ్వరరావు గారిని ఎవరైనా ఒక్క మాట తేలిగ్గా అంటే స్టాఫ్‌రూమ్‌లో మొదట లేచేది నేనే. ఆయన చాక్‌పీసు ముక్కలు దాచుకుంటాడని నవ్విన వాళ్లతో పోట్లాడాను. ఆయన గుంటూరు యాసను వెక్కిరించిన లెక్కల సారుతో నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు నేనే ఆయన గురించి చెప్పబోతున్నాను కాబట్టి ఆ భక్తి ఎంతటిదో ముందు తెలియాలి. లేకపోతే నా కోపం మీకు అతిగా కనిపిస్తుంది.

నా పేరు ప్రసన్నలక్ష్మి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగగానే కనిపించే కోచింగ్ కాలేజీల్లో ఒకదానిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. నేను చదివిందీ అక్కడే. కింద చెప్పుల దుకాణం, దాని మీద టిఫిన్ సెంటర్, ఆపైన మూడు అంతస్తులు మా కాలేజీ. చేర్చుకున్న మొదటి వారమే పరీక్ష పెట్టి, మార్కులను బట్టి పిల్లల్ని విడదీస్తారు. ఏసీ గది స్టార్ బ్యాచ్‌ది. ఫ్యాన్లు కిర్రుమనే గదులు మిగతా వాళ్లవి. నన్ను సి సెక్షన్‌లో వేశారు. స్టార్ బ్యాచ్ గది మా పక్కనే. మధ్యలో గోడ ఒక్కటే అడ్డం, అయినా ఆ గుమ్మం దాటి మమ్మల్ని ఎవరూ రానిచ్చేవారు కాదు. ఒకసారి డస్టర్ అడగడానికి వెళితే, అక్కడి పిల్లలు నన్ను కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

ఇంటర్ మొదటి సంవత్సరంలో క్వాంటమ్ సంఖ్యల పాఠం వచ్చింది. పరమాణువులో ఎలక్ట్రాన్ ఎక్కడ, ఏ తీరులో ఉందో చెప్పే చిరునామా లాంటివి అవి. గైడులో మూడు ముక్కల్లో తేల్చేశారు. ఎన్ విలువ ఒకటి, రెండు, మూడు, అలా పైకి. ఎల్ విలువ సున్న మొదలు ఎన్ కంటే ఒకటి తక్కువ దాకా. ఎమ్ విలువ మైనస్ ఎల్ నుంచి ప్లస్ ఎల్ దాకా. బట్టీ పట్టండి, రెండు మార్కులు మీవే. అందరం ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. నాకు మాత్రం ఒక ముల్లు గుచ్చుకుంది. లేచి, "సార్, ఒకటిన్నర ఎందుకు ఉండదు?" అని అడిగాను. క్లాసంతా గొల్లుమంది.

విశ్వేశ్వరరావు సార్ నవ్వలేదు. నా బెంచీ దగ్గరికి వచ్చి, "ఆ గాజు ఒకటి ఇలా ఇవ్వమ్మా" అన్నారు. ఎర్ర మట్టిగాజు తీసిచ్చాను. దాన్ని బోర్డు మీద ఆనించి చుట్టూ గీత గీసి, ఆ గీత వెంట ఎత్తుపల్లాలుగా అల గీశారు. "ఎలక్ట్రాన్ ఒక అల. ఇలా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికి వచ్చినప్పుడు తన తోకను తాను అందుకోవాలి. ఒక అలైతే కలుస్తుంది. రెండైతే కలుస్తుంది. ఒకటిన్నరైతే ఎత్తు వచ్చి పల్లం మీద పడుతుంది, తనను తానే చెరిపేసుకుంటుంది. అందుకే ఎన్ ఎప్పుడూ పూర్ణసంఖ్య" అన్నారు. కలవని అలను కూడా గీసి చూపించారు.

మాది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. నాన్న బ్రహ్మం మగ్గం వదిలి కొత్తపేటలో చీరల దుకాణానికి వచ్చి పడ్డాడు గానీ, చిన్నప్పుడు ఇంట్లో పోగుల మీద ముడులు వేసి రంగులద్దడం చూస్తూ పెరిగాను. ఒక్క ముడి జరిగితే నేతలో పువ్వు పువ్వుతో కలవదు, చీర పాడైపోతుంది. కలవకపోతే నిలవదు అన్న మాట ఆ రోజు నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. లోకంలో ప్రతి నియమం వెనకా ఒక కారణం ఉంటుందనీ, దాన్ని చెప్పేవాడే గురువనీ అప్పుడే నిర్ణయించుకున్నాను. "మరి ఎల్, ఎమ్‌ల సంగతేంది సార్?" అంటే, "అవీ అలాంటివేనమ్మా" అన్నారాయన. చాలు అనుకున్నాను. ఆ గాజు పట్టుకునే డిగ్రీ, పీజీ చేసి, అదే కాలేజీలో ఆయన పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాను.

పన్నెండేళ్లుగా సి సెక్షన్‌కి నేనే చెబుతున్నాను. ఈ పాఠం వచ్చిందంటే గాజు తీయాల్సిందే. పిల్లలు నాకు గాజుల మేడమ్ అని పేరు పెట్టారు. సార్ అప్పుడప్పుడూ వెనక బెంచీలో కూర్చుని విని, "బాగా చెప్పావమ్మా" అనేవారు. ఆ మాటతో నాకు నాలుగు రోజులు కడుపు నిండిపోయేది. ఇప్పుడు తలుచుకుంటే అదే కడుపు మండుతోంది.

ఈ మే నెలలో స్టార్ బ్యాచ్‌కి కెమిస్ట్రీ చెప్పే ఆయన వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. కోచింగ్ కాలేజీల్లో వేసవి వస్తే లెక్చరర్లు గూళ్లు మార్చడం మామూలే. ఆ ఖాళీలో ఎవరిని వేయాలన్నా డెమో క్లాస్ పెట్టాలి. అంటే డైరెక్టరు, సీనియర్లు వెనక బెంచీల్లో కూర్చుంటారు, ముందు కొందరు పిల్లల్ని కూర్చోబెడతారు, మనకు చాక్‌పీసు ఇచ్చి పావుగంట చెప్పమంటారు. ఆపైన ప్రశ్నలు. సార్ నన్ను పిలిచి, "నువ్వు అప్లై చెయ్యమ్మా. ప్యానెల్‌లో నేనుంటాగా" అన్నారు.

నాకు ఆ పోస్టు ఎందుకు కావాలో ఆయనకు తెలుసు. జీతం మూడు వేలో నాలుగు వేలో పెరుగుతుంది, అది వేరే సంగతి. చిన్నప్పుడు డస్టర్ కోసం కూడా నిలబడనివ్వని గదిలోకి టీచర్‌గా అడుగుపెట్టాలి. ఒక్కసారైనా ఆ బోర్డు మీద రాయాలి. ఆ కోరిక నేను అమ్మకు చెప్పలేదు, సార్‌కి చెప్పాను. "ఏం చెబుతావు డెమోలో?" అన్నారు. "గాజే చెప్త సార్" అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "మంచిది. నీకు బాగా వచ్చింది అదేగా" అన్నారు. ఆ మాటను నేను దీవెన కింద జమ కట్టుకున్నాను.

డెమో రోజు కొత్త గాజులు వేసుకుని వెళ్లాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, బాగా చెప్పాను. అల తన తోకను అందుకోగానే ముందు బెంచీ పిల్లలు "ఓహ్" అన్నారు. డైరెక్టరు కూడా ఫోన్ పక్కన పెట్టాడు. చేతికంటిన పొడి దులుపుకుంటూ వెనక్కి చూశాను. సార్ చెయ్యెత్తి ఉన్నారు.

"చిన్న సందేహం ప్రసన్నా" అన్నారు. "మొదటి కక్ష్యలో గాజు చుట్టూ ఒక అల ఉందన్నావు. అల అంటే ఒకవైపు ఎత్తు, ఇంకోవైపు పల్లం. మరి హైడ్రోజన్‌లో అన్నిటికన్నా కింది మెట్టు 1ఎస్. అది గుండ్రటి బంతి, ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటుందని నువ్వే చెబుతావు. ఆ బంతిలో నీ ఎత్తూ పల్లం ఎక్కడున్నాయి?"

అంత చిన్న ప్రశ్న. నా పాఠంలోని రెండు మాటల్నే పక్కపక్కన పెట్టి చూపించారు. అవి రెండూ ఒకదానితో ఒకటి పొసగవని పన్నెండేళ్లలో నాకు తట్టలేదు. గాజు వైపు చూశాను, బోర్డు వైపు చూశాను. "అది... కక్ష్య అంటే దారి, ఆర్బిటాల్ అంటే ఆ బంతి, రెండూ వేరు సార్..." అంటూ నీళ్లు నమిలాను. "వేరైతే గాజు నుంచి వచ్చిన ఎన్ దీనికెలా వర్తిస్తుంది?" అన్నారు, అదే మెత్తటి గొంతుతో. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ముందు బెంచీ పిల్ల ఒకతి నా మీద జాలితో తల దించుకుంది. "పర్లేదులే అమ్మా, బయట కూర్చో" అన్నారు సార్.

నా తర్వాత లోపలికి వెళ్లింది రాఘవేంద్ర. సరూర్‌నగర్ కుర్రాడు, మా కాలేజీలోనే స్టార్ బ్యాచ్‌లో చదివి, పైచదువు ముగించుకుని వచ్చాడు. నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాసేపటికి లోపల్నుంచి సార్ గొంతు వినిపించింది. గాజు మీది అలకు 1ఎస్ బంతిలో ఎత్తూ పల్లం ఎక్కడున్నాయని, అదే ప్రశ్న. నా గుండె కాస్త కుదుటపడింది. అందరినీ అడుగుతున్నారన్నమాట, ఈ అబ్బాయీ నీళ్లు నములుతాడు అనుకున్నాను. కానీ అతను ఆగకుండా చెప్పుకుపోయాడు. ఆ తర్వాత చప్పట్లు.

బయటికి వచ్చాక అతన్ని కిందికి తీసుకెళ్లాను. చెప్పుల దుకాణం ముందు బత్తాయి జ్యూస్ బండి ఉంటుంది. రెండు గ్లాసులు చెప్పి, సిగ్గు విడిచి అడిగాను. "తమ్మీ, గా ప్రశ్నకు ఏం చెప్పినవు? నాకు జర సమజయ్యేటట్టు చెప్పు."

అతను మంచివాడు. నవ్వలేదు. బండి మీదనుంచి ఒక బత్తాయి తీసుకుని, జేబులో పెన్ను తీశాడు.

"గాజు తప్పు గాదు మేడమ్. కాకపోతే గాజు ఎన్‌ది గాదు, ఎమ్‌ది" అన్నాడు. "ఎలక్ట్రాన్ గాజు మీద ఉరకదు. గీ బత్తాయి లెక్క, లోపలా బయటా అంతట పరుచుకొని ఉంటది. నడుము చుట్టూ ఒక్క రౌండు కొట్టి బయల్దేరిన కాడికొస్తే అల కలవాలె. ఒకటైనా, రెండైనా కలుస్తది. అసలు ఎత్తుపల్లం లేకుండ సాఫుగ ఉన్నా కలుస్తది గద?"

సున్న! సున్న అలలైనా కలుస్తాయి. ఇన్నేళ్లూ ఒకటి నుంచే లెక్కపెట్టాను. చుట్టూ ఒకేలా ఉండే 1ఎస్ బంతి అంటే ఆ సున్నే.

"ఇటు తిరిగితే ప్లస్, అటు తిరిగితే మైనస్. ఎమ్‌కి మైనస్‌లు అందుకే" అని బత్తాయి మీద పైనుంచి కిందికి గీతలు గీసి, తొడిమ వైపు చూపించాడు. "ఇగ పైకెల్లి కిందికి రాండ్రి. తొడిమ కాడ, అడుగున, నిలువు గీతలన్ని ఒక్క చుక్కల కలుస్తయి. గాడ అల పగిలిపోవద్దు, విలువ పట్టపగ్గాలు లేకుండ పెరగొద్దు. లెక్క చేస్తే, ఎల్ పూర్ణసంఖ్య అయితేనే రెండు కొసలల్ల సక్కగుంటది. అల సున్న అయ్యే కాడల్ల కోత పెట్టినమనుకోండ్రి. తొడిమ మీదికెల్లి పోయే నిలువు కోతలు కొన్ని, అడ్డం కోతలు కొన్ని. మొత్తం కోతలు ఎల్. అండ్ల నిలువువి ఎన్నో, అది ఎమ్."

"ఆగు" అన్నాను. "మొత్తంల కొన్ని, మొత్తం కన్న ఎక్కువ ఎట్లయితయ్? గందుకే ఎమ్ ఎన్నటికీ ఎల్‌ను దాటది."

"గంతే మేడమ్!"

"ఇగ ఎన్ బయటికి పోవుడు నుంచి రావాలె. కేంద్రకాన్ని అంటిపెట్టుకున్న ఎలక్ట్రాన్ అల దూరం పోయినకొద్ది ఆరిపోవాలె. లేకపోతే అది పరమాణువులనే ఉండదు." నాకు మాటలు వాటంతట అవే వస్తున్నాయి. "ఏ శక్తి పడితే ఆ శక్తి పెడితే ఆరది. కొన్ని శక్తులకే ఆరుతది. గా కొన్నిటికే నంబర్లు ఏస్తే ఎన్, గంతేనా?"

"గంతే. లోపల ఉల్లిగడ్డ పొరల లెక్క సున్న అయ్యే పొరలు కూడ ఉంటయ్. పొరలు, కోతలు కలిపి, ఒకటి వేస్తే ఎన్. పొరలు సున్న కన్న తగ్గవు గద, గందుకే కోతలు ఎంత ఎక్కువైనా ఎన్‌కి ఒకటి తక్కువ దాకనే." స్పిన్ అనే నాలుగో సంఖ్య మాత్రం వీటిలోంచి రాదనీ, అది ఎలక్ట్రాన్‌తో పాటు పుట్టిందనీ అన్నాడు.

కలవాలి, పగలకూడదు, ఆరిపోవాలి. బట్టీ పట్టిన మూడు ముక్కలకూ మూడు కారణాలు. ఆ బండి పక్కన, బస్సుల హారన్ల మధ్య, చెప్పలేనంత సంతోషం కలిగింది. ఆ సంతోషంలోనే అడిగాను. "ఎక్కడ నేర్చుకున్నవ్ తమ్మీ? పీజీలనా?"

"లేదు మేడమ్, ఇంటర్లనే. మన విశ్వేశ్వరరావు సారే చెప్పిండు, అప్పట్ల మా బ్యాచ్ గూడ ఆయనదే. గిదే బండి కాడికెల్లి బత్తాయి పట్టుకొచ్చి, మా క్లాసుల కోసి చూపెట్టిండు." అతను గ్లాసు అడుగున మిగిలింది తాగి నవ్వాడు. "గాజు కత సి సెక్షన్‌ది గద మేడమ్. సార్ మాతోని అంటుండె, 'ఆ సెక్షన్‌కి గాజు చాలురా, మీకు మాత్రం అసలుది చెబుతా' అని."

అతనికి నేను ఏ సెక్షన్‌లో చదివానో తెలియదు. చెప్పలేదు. గ్లాసు అక్కడే పెట్టేసి, ఎల్బీ నగర్ వెళ్లే బస్సు ఎక్కాను. ఏడుపు రాలేదు. ఎవరో నా ఇంట్లో ఇన్నేళ్లు ఉండి, వెళ్లేటప్పుడు ఈ ఇల్లు నీది కాదని చెప్పినట్టు అనిపించింది.

ఇంటికి వెళ్లాక అమ్మ కొమురమ్మ నా ముఖం చూసి, "ఏమైంది, గట్ల పరేషాన్ ఉన్నవు?" అంది. జరిగింది చెప్పాను. క్వాంటమ్ సంఖ్యలు ఆమెకు అర్థం కాలేదు గానీ మిగతాదంతా అర్థమైంది. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినయి బిడ్డా" అని, అన్నం కలిపి నా ముందు పెట్టింది. నేను ముట్టలేదు.

అనుకున్నట్టే పోస్టు రాఘవేంద్రకి ఇచ్చారు. అతని మీద నాకు కోపం లేదు, అర్హుడు. ఆదివారం పొద్దున నాగోల్‌లో సార్ ఫ్లాట్‌కి వెళ్లాను. దారి పొడుగునా నేనే ఆయన తరఫున వాదించాను. ఏమో, అప్పట్లో చిన్నపిల్లలమని తేలిక చేసి చెప్పారేమో. తర్వాత మరిచిపోయారేమో. ఇన్నేళ్ల భక్తి ఒక్క బత్తాయితో పోతుందా? ఆయన ఒక్క మంచి కారణం చెబితే కాళ్లకు దండం పెట్టి వచ్చేద్దామనుకున్నాను.

ఆయన బాల్కనీలో పేపర్ చదువుకుంటున్నారు. "రామ్మా, కూర్చో. డెమో గురించి బాధపడకు, ఇంకో ఏడాది చూద్దాం" అన్నారు.

"అల సున్న అయితే గూడ గాజు మీద కలుస్తది సార్" అన్నాను. "1ఎస్‌ల ఎత్తుపల్లం లేదు. గాజు ఎమ్‌కి, ఎన్‌కి గాదు."

ఆయన ముఖం వికసించింది. "భలే! ఎవరు చెప్పారు?"

"మీరే చెప్పిన్రట సార్. పక్క గదిల."

ఆయన పేపర్ మడిచారు. "చూడమ్మా, ఆ సెక్షన్ పిల్లలకి అంత లోతు అవసరం లేదు. పరీక్షలో రాదు. గాజు అందంగా ఉంటుంది, గుర్తుంటుంది. మీకు అది చాలనుకున్నా. తప్పా?"

"పదహారేండ్ల పిల్లకు చాలనుకున్నరు, సరే. తర్వాత పన్నెండేండ్లు మీ పక్క కుర్చీల కూసున్న గద సార్. వెనక బెంచీల కూసోని నా క్లాసు ఇన్నరు. బాగా చెప్పినవమ్మా అన్నరు. ఒక్కనాడన్న, ఇది తప్పు ప్రసన్నా అని ఎందుకనలే?"

"నువ్వు మళ్లీ అడగలేదుగా."

"నమ్మిన సార్. గందుకే అడగలే."

నేను వెళ్లిపోయి ఉంటే బాగుండేది. కానీ ఇంకొక ముల్లు మిగిలింది. "నాకు రాదని తెలిసి గా ప్రశ్న ఎందుకడిగిన్రు? అసలు అప్లై చెయ్యమని ఎందుకన్నరు?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. "ఒక్కడికే డెమో పెడితే డైరెక్టర్ ఒప్పుకోడమ్మా. కనీసం ఇద్దరుండాలంటాడు. రాఘవేంద్రని తీసుకోవాలని ముందే అనుకున్నాం. నువ్వైతే మనింటి పిల్లవి, ఏమీ అనుకోవని..." అక్కడ ఆగి, ఎంతో మంచి మాట చెబుతున్నట్టు చెప్పారు. "ప్రశ్న అందరినీ అడిగేదే. నిన్ను వదిలేస్తే పక్షపాతం అంటారు కదా."

పక్షపాతం! నాకు నవ్వు వచ్చింది, అదీ గట్టిగా. లోపల్నుంచి వాళ్లావిడ కాఫీ కప్పుతో వచ్చి, నా నవ్వు చూసి తానూ నవ్వింది. "ఏంటే అంత సరదాగా ఉన్నావు?" అంది. ఆవిడ మీద నాకు ఏ కోపమూ లేదు కాబట్టి కాఫీ తాగాను. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే సార్ వెనకే వచ్చి, "సి సెక్షన్‌లో మాత్రం ఇదంతా ఎత్తకమ్మా. వాళ్లు తికమక పడతారు. గాజే చెప్పు" అన్నారు. ఆయన పాదాల వంక కూడా చూడకుండా మెట్లు దిగాను.

జూన్‌లో కాలేజీ తెరిచారు. రెండో వారంలో ఆ పాఠం వచ్చింది. బత్తాయి పట్టుకుని సి సెక్షన్‌కి వెళ్లాను. చుట్టూ తిరిగి కలవాలన్నాను. తొడిమ దగ్గర పగలకూడదన్నాను. దూరం పోయి ఆరిపోవాలన్నాను. కోశాను, గీశాను, కోతలు లెక్కపెట్టించాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. అరవై తలలు వంగి ఉన్నాయి. అరవై పెన్నులు కదులుతున్నాయి. నేను దగ్గితే ఆ దగ్గు కూడా రాసుకునేటట్టున్నారు. ఒక్కరంటే ఒక్కరు తల ఎత్తలేదు.

"రాసుడు ఆపుండ్రి" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నేను చెప్పిందంతా నిజమని ఎట్ల తెలుసు మీకు? నేను తప్పు చెప్తుంటే? ఒక్కలన్న అడగుండ్రి. అడిగేదాక ముందుకు పోను." చాక్‌పీసు బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను.

గదిలో ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. పక్క గదిలోంచి రాఘవేంద్ర గొంతు, ఆ పిల్లల నవ్వులు వినిపిస్తున్నాయి. చాలాసేపటికి మూడో బెంచీలోంచి ఎస్తేరు అనే అమ్మాయి లేచింది. హయత్‌నగర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల, చేరినప్పటి నుంచీ నోరు విప్పగా చూడలేదు. దాని ముఖంలో నిజమైన సందేహమే ఉంది. నా ప్రాణం లేచి వచ్చింది.

"అడుగు బిడ్డా."

"మేడమ్, ఇది స్టార్ బ్యాచ్ వాళ్ల పాఠం గద?" అంది ఎస్తేరు. "మాకు చాలేది చెప్పుండ్రి మేడమ్."